రథచక్రము క్రింద మూగప్రాణి: స్మృతులు చెప్పిన బాధ్యత, ఇతిహాసము నేర్పిన కరుణ



మా విస్సన్నపేట మీదుగా నూజివీడు, తిరువూరు వైపులకు పోవు రహదారులపై వేసవి వచ్చినదనగా మామిడికాయల లారీల రద్దీ మొదలగును. శీతకాలపు రాత్రులలో తారురోడ్డు పగటి వేడిమిని కొంతసేపు నిలుపుకొనును గనుక వీధికుక్కలు దానిపైననే పడుకొనును. ఇట్టి దారిలో విడిచిన కుక్క యొకటి హఠాత్తుగా పరుగెత్తివచ్చి కారునకు తగిలినదనుకొందము. కారు ముందుభాగము నొక్కుకొనిపోయినది. కుక్క నడుము విరిగినది. అంతట వాదము పుట్టును. కారువారు మరమ్మతునకైన సొమ్ము అడుగుదురు. కుక్కను పెంచినవారు "చూచుకొని నడపవలదా" అందురు. అది ఎవ్వరిదియు కాని కుక్క అయినచో ఆ మాట అనుటకు కూడ ఎవ్వరును ఉండరు. వాదము లేదు గనుక దోషమును లేదనుకొని బండి సాగిపోవును.

వాదించువాడు లేనిచోట దోషము నిజముగా లేకపోవునా? ఈ ప్రశ్న మోటారు వాహనములతో పుట్టినది కాదు. రథములు, ఎడ్లబండ్లు నడచిన కాలముననే మన ధర్మశాస్త్రకర్తలు దీనిని విచారించిరి. వారు చెప్పిన నిర్ణయములు, మన ఇతిహాసములు, మన ప్రాంతపు క్షేత్రగాథ, నేటి చట్టము: వీనిని వరుసగా పరిశీలించినచో సమాధానము దొరకును.

మనుస్మృతి అష్టమాధ్యాయము వ్యవహారకాండము. అందు వాహనమువలన కలుగు హింసను గూర్చి ప్రత్యేకమైన ప్రకరణము కలదు. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, అది దండముతో ఆరంభము కాదు. దండింపదగని పది సందర్భములతో ఆరంభమగును. ఎద్దు ముక్కుత్రాడు తెగుట, కాడి విరుగుట, బండి అడ్డము తిరుగుట, వెనుకకు మరలుట, ఇరుసు విరుగుట, చక్రము విరుగుట, తోలుకట్లు తెగుట, మెడపట్టెడ తెగుట, పగ్గము తెగుట, తొలగుమని సారథి కేక వేసియుండుట. ఈ పదింటిలో ఏది జరిగినను దండము లేదు. అనగా, ప్రమాదము జరిగినంతమాత్రముననే సారథిని పాపాత్ముడని తీర్మానింపరాదు. నేడు కుక్క తగిలినదని తెలిసిన వెంటనే గుంపుగూడి సారథిపై చేయిచేసికొనువారు ఈ భాగమును ముందుగా గ్రహింపవలెను.

అనంతరము బాధ్యతావిభాగము. సారథి నేర్పులేమివలన బండి దారితప్పి హింస జరిగినచో దండము బండి స్వామికి, రెండువందల పణములు. నేర్పరియైన సారథి అజాగ్రత్తచే చేసినచో దండము సారథికే. నమ్మదగని సారథి అని యెరిగియు ఆ బండి ఎక్కినవారందరకు తలకు నూరు పణములు. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. బాధ్యత చక్రము పట్టినవానితో ఆగిపోలేదు. తాళపుచెవి ఇచ్చిన తండ్రికి, మద్యము త్రాగిన మిత్రుని ప్రక్కన మౌనముగా కూర్చున్నవానికి కూడ అది చేరినది.

ఇక ప్రాణుల వరుస. మానవుడు మరణించినచో చోరునితో సమానమైన అపరాధము. గోవు, గజము, ఉష్ట్రము, అశ్వము మున్నగు పెద్ద జంతువులైనచో అందు సగము. గాడిద, మేక, గొఱ్ఱెలకు ఐదు మాషములు. చిట్టచివర శునకము, సూకరము. వీనికి ఒక్క మాషము. దీనిని రజతమాషముగా గ్రహించినచో రెండు గురువింద గింజల ఎత్తు వెండి మాత్రమే.

ఈ స్వల్పదండము విషయమై పిమ్మట విచారింతము. ముందుగా కుక్క స్వామి మాట. దారిపై జరిగిన ప్రతి ప్రమాదమును సారథి పైననే మోపుట శాస్త్రసమ్మతము కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఒక నియమము కలదు. కోరలు గల జంతువు గాని, కొమ్ములు గల జంతువు గాని ఒకని హింసించుచుండగా, ఆపుటకు శక్తి యుండియు ఆపని స్వామికి ప్రథమసాహసదండము విధింపవలెను. బాధితుడు మొఱపెట్టినను కదలనిచో ఆ దండము ద్విగుణము. కౌటిల్యుని అర్థశాస్త్రమందును ఇట్టి విధియే కనబడును. ఇచట కీలకము "శక్తి యుండియు" అను అంశము. కట్టివేయగల త్రాడు, మూయగల తలుపు చేతనుండియు కుక్కను దారిపైకి వదలినవాడు, అది కారునకు తగిలిన పిమ్మట కేవలము బాధితునిగా నిలువజాలడు. అతడు కొంతవరకు కారకుడు కూడ.

ఈ ధర్మనిర్ణయములు సంస్కృతజ్ఞులకే పరిమితమై ఉండలేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అను వ్యాఖ్యను రచించెను. తిక్కన సోమయాజి కాలమువాడైన మూలఘటిక కేతన 13వ శతాబ్దిలో దానిని అనుసరించి విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో సంతరించెను. తెలుగువాడు తన భాషలోనే వ్యవహారధర్మమును తెలిసికొనవలెనను సంకల్పము ఏడువందల ఏండ్లకు పూర్వమే మనకు కలదు.

శ్రీరుద్రము పఠించు భక్తులకు ఇంకొక విషయము స్ఫురింపవలెను. నమకమున చతుర్థానువాకము ముగియుచోట శునకములకును, శునకముల పతులకును నమస్కృతి కలదు. ఆ రెండును ఒక్క ఊపిరిలో వచ్చును. పరమేశ్వరుడు కుక్కయందును, కుక్కను ఏలువానియందును ఉన్నాడని తాత్పర్యము. పతి అనగా పాలించువాడు, రక్షించువాడు. ముద్దుగా నున్నంతకాలము పెంచి, పెద్దదైన పిమ్మట ఊరిచివర విడిచివచ్చినవానికి ఆ పదము తగునా యని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఇప్పుడు ఒక్క మాషము సంగతి. కుక్క ప్రాణము రెండు గురువింద గింజల వెండికే సమానమా యని జిజ్ఞాసువులు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. అష్టమాధ్యాయము రాజదండమును గూర్చినది. రాజదండము వాదిప్రతివాదులతో కూడినది. అందు గోవు, గజము, అశ్వము పైవరుసలో నిలిచి, మేక, గొఱ్ఱె వాని క్రిందను, కుక్క అట్టడుగునను చేరినవి. ఆ క్రమమును చూడగా అది స్వామికి కలిగిన నష్టమును ఎక్కువగా లెక్కించినట్లు తోచును. ప్రాణి పొందిన నొప్పిని కొలుచు త్రాసు అది కాదు.

నొప్పిని కొలుచు త్రాసు అదే గ్రంథమున మఱియొకచోట నున్నది. ఏకాదశాధ్యాయము ప్రాయశ్చిత్తప్రకరణము. అందు పిల్లి, ముంగిస, కప్ప, కుక్క, ఉడుము, గుడ్లగూబ, కాకి మున్నగువానిని చంపినవానికి ప్రాయశ్చిత్తము చెప్పబడినది. కప్పకు యజమాని ఎవడు? కాకి తరఫున ధర్మాసనము నెదుట నిలుచువాడెవడు? ఎవ్వరును లేరు. అయినను ప్రాయశ్చిత్తము కలదు. దండమునకు ఫిర్యాదు కావలెను, ప్రాయశ్చిత్తమునకు అక్కరలేదు. దండము ఇతరులు విధించునది, ప్రాయశ్చిత్తము తనకు తాను విధించుకొనునది. ఈ రెండు త్రాసులను ఒక్కటిగా భ్రమించుటయే మన పొరపాటు. చట్టము అడుగలేదు గనుక నేను నిర్దోషిని అనుకొనువాడు మొదటి త్రాసును మాత్రమే చూచుచున్నాడు.

ఇంతేకాదు. గృహస్థుని పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. భోజనమునకు ముందు శునకములకు, కాకులకు, క్రిమికీటకములకు అన్నము తీసి, విసరివేయక, మెల్లగా నేలపై నుంచవలెనని స్మృతి విధించినది. ఆ మెల్లగా అనుటలోనే కరుణ యున్నది. ఎవ్వరిదియు కాని కుక్కకు ఈ విధివలన ఊరిలోని ప్రతి గృహస్థుడును అన్నదాత యగుచున్నాడు. అన్నము పెట్టవలసిన ప్రాణి గాయపడి పడియున్నప్పుడు "నాది కాదు" అను మాటకు తావెక్కడిది?

ఇతిహాసములు ఈ రెండవ త్రాసునే మన చేతికిచ్చును. మహాభారతము ఆదిపర్వమున పౌష్యోపాఖ్యానారంభమున జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండెను. దేవశుని యగు సరమ కుమారుడు సారమేయుడు అచటికి రాగా రాజు తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. అది హవిస్సును నాకలేదు, చూడనైనను లేదు. ఏడ్చుచు తల్లిని చేరినది. సరమ యజ్ఞవాటికకు వచ్చి, ఏ తప్పునకు నా బిడ్డను కొట్టితిరని అడిగెను. వారు ఒక్క మాటయు బదులు పలుకలేదు. అప్పుడు సరమ, కానరాని భయము మిమ్ము చేరుగాక యని శపించెను.

ఇచట శాపము వెలువడిన క్షణమును గమనింపుడు. దెబ్బ తగిలినంతనే శాపము రాలేదు. తల్లి ముందుగా ప్రశ్నించినది. ఆ ప్రశ్నకు మౌనమే బదులైనప్పుడు శాపము వచ్చినది. దెబ్బ ఒక దోషము, బదులీయకుండుట మఱియొక దోషము. తగిలించి, ఆగక, వెనుదిరిగి చూడక పోవు కారు చేయునది ఈ రెండవ దోషమే. కానరాని భయమన్న మాటయు యథార్థమే. చూచినవాడు లేడని పోయినవానికి ఆ రాత్రి కనులు మూసికొన్నప్పుడు కనబడునది ఏదో అతనికే తెలియును. జనమేజయుడు ఆ శాపమును తేలికగా త్రోసిపుచ్చలేదు. దాని శాంతికై తగిన పురోహితుని వెదకి సోమశ్రవసుని వరించెను. అన్నదమ్ములు చేసినదానికి తాను బాధ్యత వహించుట రాజధర్మమని అతడెరుగును. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు ఆరంభించిన ఆంధ్రమహాభారతమందును ఈ సరమ కథ ఆదిలోనే వచ్చును.

రెండవది శ్రీమద్రామాయణ ఉత్తరకాండమున కొన్ని ప్రతులలో ప్రక్షిప్తసర్గలుగా కనబడు వృత్తాంతము. తల పగిలిన కుక్క యొకటి శ్రీరాముని ద్వారమున నిలిచినది. రాముడు దానిని సభలోనికి పిలిపించి విన్నవించుకొమ్మనెను. తన్ను కొట్టినవాడు సర్వార్థసిద్ధుడను భిక్షువని అది చెప్పినది. అతనిని రప్పించి అడుగగా జరిగినది చెప్పెను. భిక్షాటనము చేయుచు ఆకలితో వచ్చుచుండగా దారి నడుమ కుక్క నిలిచియుండెను. పొమ్మని పలికినను మెల్లగా కదలినదే గాని దారి విడువలేదు. కోపావేశమున కొట్టితిని, అపరాధిని, దండింపుమని వేడుకొనెను.

ఇది అక్షరాల దారిపై జరిగిన వ్యవహారమే. భిక్షువు తొలగుమని కేక వేసియే యున్నాడు. స్మృతిలో చెప్పిన పదవ మినహాయింపు మాట ఇంచుమించుగా అతని నోటనే యున్నది. నేడు "హారను కొట్టితిని" అనువాని మాట ఇదియే. కాని అతడు దానిని తప్పించుకొను మార్గముగా వాడుకొనలేదు. చెప్పిన మాట ఎదుటి ప్రాణికి అర్థమైనదా యను విచారణ అంతరంగమున జరుగవలసినది. హారను ధ్వనికి మనుష్యుడు ప్రక్కకు తొలగును, కుక్క బెదరి చక్రము వైపునకే పరుగెత్తును. ఈ సంగతి ఎరిగినవానికి హారనుకంటె ముందు వేగము తగ్గించుటయే ధర్మము.

ఇక మాకు సమీపముననే యున్న బెజవాడ క్షేత్రగాథ. ఇంద్రకీలాద్రిపై వెలసిన దుర్గమ్మకు కనకదుర్గ యను నామము కలుగుటకు ఒక కథను పెద్దలు చెప్పుదురు. మాధవవర్మ మహారాజు బెజవాడను ఏలుచుండగా రాకుమారుని రథము క్రింద పడి ఒక పేద బాలుడు మరణించెను. ఆ తల్లి వీధులలో చింతచిగురు అమ్ముకొని జీవించునది. ఆమె రాజద్వారమున నిలిచి న్యాయము కోరినది. దారికి అడ్డము వచ్చినది బాలుడే యని తేల్చుట రాజునకు ఎంత సులభము! కాని ఆయన కన్నకొడుకునకే మరణదండము విధించెను. ఆ ధర్మనిష్ఠకు సంతసించిన దైవము కనకవర్షము కురిపించి బాలకులిద్దరిని బ్రదికించెనని సంప్రదాయము. విష్ణుకుండిన వంశమున మాధవవర్మ నామధేయులు ఒకరికంటె ఎక్కువగా నుండిరి. క్షేత్రగాథను శాసనచరిత్రతో సమముగా తూచుట తగదు. అయినను, కొండపై కొలువైన తల్లి నామముతోనే ఒక రహదారి ప్రమాదమునకు జరిగిన న్యాయమును ముడివేసికొన్న జాతి మనదని గర్వింపవచ్చును, సిగ్గుపడవలసినప్పుడు సిగ్గుపడవచ్చును కూడ.

ఇట్టి కథయే దక్షిణమున తిరువారూరులో మూగప్రాణి పరముగా వినబడును. రాకుమారుని రథము క్రింద లేగదూడ మరణింపగా తల్లి ఆవు వచ్చి రాజప్రాసాదపు ఘంట మ్రోగించెను. మనునీతిచోళుడు తన కుమారుని అట్లే రథము క్రింద ఉంచెను. శివానుగ్రహమున అందరును జీవించిరి. 12వ శతాబ్దిలో శేక్కిళారు పెరియపురాణమున దీనిని చెప్పెను. సింహళదేశపు మహావంశము ఇదే ఘంటను, ఇదే దూడను అనురాధపురము నేలిన చోళదేశీయుడు ఏళారునికి అన్వయించినది. ఆ కథలో పునర్జీవనము లేదు, దండము మాత్రమే కలదు. శేక్కిళారును ఆదరించినవాడు రెండవ కులోత్తుంగచోళుడని ప్రసిద్ధి. అతడు నన్నయ నాదరించిన రాజరాజనరేంద్రునకు మునిమనుమడు. సరమ ప్రశ్న తెలుగైన సభకును, ఆవు మ్రోగించిన ఘంట తమిళ కావ్యమైన సభకును వంశము ఒక్కటే.

కొడుకును చంపుట ఈ కథల ఆదర్శము కాదని వేరుగా చెప్పనక్కరలేదు. మాట రాని తల్లి మొఱను కూడ ధర్మాసనము వినవలెననుట ఆదర్శము. స్వామి లేని ప్రాణికి రాజే స్వామి యనుట ఆదర్శము. రాజులు లేని ఈ కాలమున ఆ స్థానము ప్రజలమైన మనది. 1976లో 42వ సవరణచే రాజ్యాంగమున చేరిన 51ఏ అధికరణము సమస్తజీవులయెడ కరుణ చూపుటను ప్రతి పౌరుని కర్తవ్యముగా పేర్కొన్నది.

నేటి చట్టమును కూడ ఈ రెండు త్రాసులతో చూడుడు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద మొదటి అపరాధమునకు జరిమానా పది రూపాయలకు తగ్గక, యాభై రూపాయలకు మించక ఉండును. మాషము మాఱి రూపాయ యైనది, అంతే. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 325వ విభాగము జంతువును చంపుటకు ఐదేండ్ల వరకు శిక్షను చెప్పుచున్నది గాని, అది తెలిసి చేసిన చేటునకే గాని అనుకోని ప్రమాదమునకు కాదు. అదే సంహిత 291వ విభాగము తన అధీనమున నున్న జంతువువలన మనుష్యులకు అపాయము రాకుండ జాగ్రత్త వహింపనివానికి ఆరు మాసముల వరకు కారాగారము గాని, ఐదువేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించును. యాజ్ఞవల్క్యుని కోరల జంతువు నియమమే ఇది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ విభాగము మనుష్యుడు గాయపడినను, పరుల ఆస్తి చెడినను సారథికి కర్తవ్యములను నిర్దేశించినది. అందు ఎవ్వరి ఆస్తియు కాని వీధికుక్క పేరు లేదు. మన తెలుగువారు అనేకులు స్థిరపడిన బ్రిటనులో అదే 1988 నాటి రహదారి చట్టము గుఱ్ఱము, పశువు, గాడిద, కంచరగాడిద, గొఱ్ఱె, పంది, మేక, కుక్కలను పేర్కొని, వీనికి గాయమైనచో సారథి ఆగియే తీరవలెనని శాసించినది. ఆ జాబితాలో పిల్లి లేదు. ఎంత వివరముగా వ్రాసినను ఏదో యొక ప్రాణి చట్టమునకు వెలుపల మిగిలిపోవును. ఆ మిగిలినదానికొరకే ధర్మమున్నది.

కావున కర్తవ్యమేమి? సారథి ఊరిలోనికి ప్రవేశించునప్పుడు వేగము తగ్గింపవలెను. కుక్క అడ్డము వచ్చినచో దారి విడిచి జనులపైకి బండి త్రిప్పరాదు. మనుష్యప్రాణరక్షణ ప్రథమము. తగిలినచో ఆగవలెను. గాయపడిన కుక్క భయముచే కరచును గనుక ముఖమునకు దూరముగా నుండి, మందమైన గుడ్డ కప్పి, పశువైద్యశాలకు చేర్పవలెను. కరచినచో పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, జాగు చేయక వైద్యునివద్ద టీకా తీసికొనవలెను. పెంచినవారు కుక్కను కట్టి నడపవలెను, టీకాలు వేయింపవలెను, కారునకైన నష్టములో తమ వంతును తామే ముందుకు వచ్చి చెల్లింపవలెను. వీధికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స, టీకాలు స్థానికసంస్థల బాధ్యతయని 2023 నాటి కేంద్రనియమములు చెప్పుచున్నవి. గ్రామసభలో ఆ మాట ఎత్తుట గ్రామస్థుల వంతు. చుట్టుచేరినవారు సారథిని నిందించుటకు ముందు కుక్కకు నీరు పోయవలెను. తగిలించినవాని చేతులును వణకుచుండును. అతనియెడ దయ చూపుటయు ధర్మమే.

సరమ అడిగిన ప్రశ్నకు బదులు పలుకుటతో ధర్మము ఆరంభమగును. ప్రశ్నించుటకు తల్లియైనను లేని వీధికుక్క విషయమున ఆ బదులు అడుగకముందే మనము పలుకవలెను. బండి ఆపి దిగుటయే ఆ బదులు.

సర్వభూతాంతర్యామియైన పరమేశ్వరుడు మన చేతులకు నిదానమును, మన హృదయములకు దయను ప్రసాదించుగాక.

స్వస్తి.